వాక్యాలన్నీ ఒకే తీరుగా వస్తున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: నేను దేవరకొండలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఇంగ్లీషులో రాసేటప్పుడు వ్యాకరణ దోషాలు అంతగా దొర్లవు. అయినా ఈమధ్య రాసిన వ్యాసం కింద మా లెక్చరర్ గారు “వాక్యాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి, పేరాలకు అమరిక లేదు” అని రాసి ఇచ్చారు. వాక్యాలను మార్చి మార్చి రాయడం ఎట్లా? లింకింగ్ వర్డ్స్ జాబితా ఒకటి బట్టీ పడితే సరిపోతుందని స్నేహితులు అంటున్నారు. అది నిజమేనా? ముందు ముందు గ్రూప్-1 రాయాలని కూడా ఉంది. నేను రాసిన పేరా ఒకటి జత చేస్తున్నాను.
— ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: మీరు పంపిన పేరాను చదివే వారందరి ముందూ ఉంచితే తప్ప చెప్పదలచుకున్నది స్పష్టం కాదు కాబట్టి, దానిని ఉన్నది ఉన్నట్టు తెలుగు లిపిలో ఇస్తున్నాను.

“ఫ్లోరోసిస్ ఈజ్ ఎ బిగ్ ప్రాబ్లమ్ ఇన్ నల్గొండ. ఫ్లోరోసిస్ ఈజ్ కాజ్డ్ బై ఫ్లోరైడ్. ఫ్లోరైడ్ ఈజ్ ప్రెజెంట్ ఇన్ ది గ్రౌండ్ వాటర్. పీపుల్ డ్రాంక్ బోర్‌వెల్ వాటర్ ఫర్ మెనీ ఇయర్స్. దేర్ టీత్ బికేమ్ బ్రౌన్. దేర్ బోన్స్ బికేమ్ స్టిఫ్. ది గవర్నమెంట్ ఈజ్ సప్లయింగ్ కృష్ణా వాటర్. మెనీ టూరిస్ట్స్ విజిట్ నాగార్జునసాగర్. ది యూత్ షుడ్ క్రియేట్ అవేర్‌నెస్.”

తొమ్మిది వాక్యాల్లో ఒక్క వ్యాకరణ దోషం కూడా లేదు, అందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. అయితే ప్రతి వాక్యమూ కర్తతో మొదలై, వెంటనే క్రియ వచ్చి, నాలుగు నుంచి ఏడు మాటల్లో ముగిసిపోతున్నది. దీనిని వాక్యాల రూపానికి సంబంధించిన లోపంగా చూసి, రూపం మారిస్తే సరిపోతుందని అనుకుంటే మాత్రం మీరు చాలా కాలం తిప్పలు పడతారు. అసలు లోటు మరొకచోట ఉన్నది. ఈ తొమ్మిది విషయాల్లో ఏది దేనికి కారణమో, ఏది ముఖ్యమో, ఏది పక్కన చెప్పుకోదగినదో మీ వాక్యాలు చెప్పడం లేదు. విషయాల మధ్య ఉన్న సంబంధాన్ని వాక్యంలోకి తీసుకువస్తే, వాక్యాలు వాటంతట అవే రకరకాలుగా వస్తాయి. పోచంపల్లి నేతలో నూలు మగ్గమెక్కక ముందే దానికి ముడులు కట్టి రంగులు అద్దినట్టు, ఏ విషయం దేనితో ఏ విధంగా ముడిపడుతుందో వాక్యం మొదలుపెట్టక ముందే తేల్చుకోవాలి.

ఈ పని మీకు కొత్త కాదు. ఇదే సంగతిని మీ ఇంట్లో ఎవరికైనా చెప్పవలసి వస్తే “బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువ ఉండబట్టి, ఏండ్ల తరబడి అవే తాగినోళ్లకు కీళ్లు పట్టుకుపోయి నడుము వంగిపోయింది” అని ఒక్క గుక్కలో చెప్పేస్తారు. ఆ ఒక్క వాక్యంలో ‘ఉండబట్టి’ అన్నది కారణం చెబుతున్నది, ‘తాగినోళ్లకు’ అన్నది ఎవరికి ఆ బాధ వచ్చిందో చెబుతున్నది, ‘పట్టుకుపోయి’ అన్నది ఒకదాని వెంట మరొకటి జరిగిందని చెబుతున్నది. మాట్లాడేటప్పుడు ఇన్ని సంబంధాలను తడుముకోకుండా అల్లగలిగిన మనిషి, ఇంగ్లీషుకు వచ్చేసరికి ముక్కలు ముక్కలుగా రాస్తున్నారంటే, అది ఆలోచనలో లోటు వల్ల కాదు. మన బడుల్లో సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ వాక్యాలను ఒకదాని నుంచి మరొక దానిలోకి మార్చే లెక్కలుగానే నేర్పారు. మార్చితే రెండు మార్కులు వచ్చేవి. ఎప్పుడు మార్చాలో, ఎందుకు మార్చాలో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

తెలుగు వాక్యంలో ‘ఉండబట్టి’, ‘పట్టుకుపోయి’ వంటి అసమాపక క్రియలు చేసే పనిని ఇంగ్లీషులో ‘బికాజ్’, ‘ఆల్దో’, ‘వెన్’, ‘విచ్’, ‘హూ’ వంటి మాటలు చేస్తాయి. ఇక్కడ మూడు చోట్ల తెలుగువారు తరచుగా తడబడతారు. ఆ మూడింటినీ కాస్త నిదానంగా చూడడం మంచిది.

మొదటిది విశేషణ వాక్యం ఉండే చోటు. మనం ‘ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు’ అంటాం, వివరం ముందు వస్తుంది, వస్తువు తరువాత వస్తుంది. ఇంగ్లీషులో ‘వాటర్ దట్ కంటెయిన్స్ ఫ్లోరైడ్’ అని వస్తువు ముందు వచ్చి వివరం దాని వెనుక నిలబడుతుంది. ఈ తిరగబడిన వరుస అలవాటు కాకపోవడం వల్ల మనవాళ్లలో చాలామంది ‘దట్’, ‘విచ్’, ‘హూ’ ఉన్న వాక్యాలను తప్పుగా రాయరు, అసలు రాయనే రాయరు. మీ పేరాలో అటువంటి వాక్యం ఒక్కటీ లేకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం. తప్పు లేని రాతలో కూడా ఇట్లా తప్పించుకున్న చోట్లు ఉంటాయి. మీ రెండో వాక్యాన్నీ మూడో వాక్యాన్నీ కలిపి “ఫ్లోరోసిస్ ఈజ్ కాజ్డ్ బై ఫ్లోరైడ్, విచ్ ఈజ్ ప్రెజెంట్ ఇన్ ది గ్రౌండ్ వాటర్” అని రాసి చూడండి. రెండో వాక్యం మొదటిదానికి వివరంగా మారిపోయి, అదే మాట రెండుసార్లు రాయవలసిన అవసరం కూడా తప్పుతుంది.

రెండోది జంట కీలు. “బికాజ్ ది వాటర్ హాడ్ ఫ్లోరైడ్, సో పీపుల్ సఫర్డ్” అనీ, “ఆల్దో దే న్యూ ది డేంజర్, బట్ దే డ్రాంక్ ఇట్” అనీ రాసేవారు ఎందరో ఉన్నారు. తెలుగులో ‘తెలిసినప్పటికీ, కానీ ఏం చేస్తారు, తాగారు’ అనడం చెవికి అడ్డం రాదు. ఇంగ్లీషు వాక్యానికి మాత్రం ఒక సంబంధానికి ఒక్క కీలు చాలు. ‘బికాజ్’ ఉంటే ‘సో’ తీసివేయాలి, ‘ఆల్దో’ ఉంటే ‘బట్’ తీసివేయాలి.

మూడోది అన్నిటికంటే చిక్కైనది, వాక్యాలను మార్చి రాయాలన్న ఉత్సాహం ఉన్నవారే ఎక్కువగా దీనిలో పడతారు. ‘ఆ నీళ్లు తాగి తాగి ఎముకలు వంగిపోయాయి’ అని మనం అంటాం. తాగింది మనుషులు, వంగింది ఎముకలు, అయినా తెలుగు వినేవారెవ్వరూ తికమక పడరు. దీనినే ఇంగ్లీషులోకి తెచ్చి “డ్రింకింగ్ దిస్ వాటర్ ఫర్ ఇయర్స్, ది బోన్స్ బికేమ్ స్టిఫ్” అని రాస్తే, ఎముకలే నీళ్లు తాగినట్టు అర్థం వస్తుంది. ఇంగ్లీషులో ‘ఇంగ్’ తో మొదలైన ముక్క తన కర్త కోసం కామా దాటిన వెంటనే వచ్చే నామవాచకం వైపు చూస్తుంది. అక్కడ ఆ పని చేసినవారే ఉండాలి. “డ్రింకింగ్ దిస్ వాటర్ ఫర్ ఇయర్స్, ది విలేజర్స్ డెవలప్డ్ స్టిఫ్ జాయింట్స్” అంటే సరిపోతుంది. కర్త మారక తప్పని చోట ‘ఇంగ్’ ను వదిలి, “ఆఫ్టర్ దే హాడ్ డ్రంక్ దిస్ వాటర్ ఫర్ ఇయర్స్, దేర్ జాయింట్స్ స్టిఫెన్డ్” అని పూర్తి వాక్యంగా రాయండి. రాసిన ప్రతి ‘ఇంగ్’ ముక్క దగ్గరా ఆగి, ఈ పని ఎవరు చేశారు, కామా తరువాత ఎవరున్నారు అని చూసుకునే అలవాటు చేసుకుంటే ఈ ఒక్క లోపం పూర్తిగా పోతుంది.

కలపడం మొదలుపెట్టిన కొత్తలో అన్నీ కలిపేయాలనిపిస్తుంది. అది కూడా విసుగే. నలభై మాటల వాక్యాలు వరుసగా ఐదు ఉంటే, చదివేవారికి ఊపిరి తీసుకునే చోటు దొరకదు. రెండు మూడు పొడవైన వాక్యాల్లో కారణాలూ వివరాలూ పరచిన తరువాత, వాటన్నిటి బరువును మోసే ఒక చిన్న వాక్యం రాయండి. చిన్న వాక్యం చిన్నదిగా తెలిసేది పక్కన పెద్దవి ఉన్నప్పుడే. మీ పేరాలో అన్నీ చిన్నవే కావడం వల్ల దేనికీ బలం రాలేదు. కామా ఒక్కదానితో రెండు పూర్తి వాక్యాలను అతికించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదా ‘అండ్’, ‘బట్’ వంటి మాట ఒకటి రావాలి, లేదా సెమికోలన్ ఉండాలి.

ఇక పేరా అమరిక సంగతికి వస్తాను. ప్రతి పేరాకూ మొదటి వాక్యంగా, పేరా దేని గురించో చెప్పే టాపిక్ సెంటెన్స్ ఉండాలని మార్గదర్శక పుస్తకాలన్నీ చెబుతాయి. నేర్చుకునే దశలో ఆ నియమం పాటించడంలో నష్టం లేదు, కానీ మీరూ దానిని పాటించారు, మీ మొదటి వాక్యం టాపిక్ సెంటెన్సే, అయినా పేరా నిలబడలేదు. అందువల్ల నేను మరొక పద్ధతి చెబుతాను. పేరా రాయక ముందు, ఈ పేరా ఏ ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతున్నదో తెలుగులోనే చిత్తు కాగితం మీద రాసుకోండి. రాసిన తరువాత ఒక్కొక్క వాక్యం దగ్గరా ఆగి, ఇది ఆ ప్రశ్నకు జవాబులో భాగమేనా అని అడగండి.

మీ పేరాకు ఈ పరీక్ష పెడితే పర్యాటకుల వాక్యం అక్కడికి ఎట్లా వచ్చిందో తెలిసిపోతుంది. కృష్ణా నీళ్లు అనగానే మీకు సాగర్ గుర్తుకు వచ్చింది, సాగర్ అనగానే సెలవు రోజున గేట్లు చూడడానికి వచ్చే జనం గుర్తుకు వచ్చారు. మనసు నడిచే దారి అది. పేరా నడవవలసిన దారి వేరు. చివరి వాక్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి. యువత అవగాహన కల్పించాలి అన్న వాక్యం మన విద్యార్థుల వ్యాసాల్లో ఫ్లోరైడ్ నుంచి రోడ్డు ప్రమాదాల దాకా ప్రతి అంశం చివరా కనిపిస్తుంది. ఊళ్లో ఉన్నది ఆ ఒక్క బోరే అయినప్పుడు మర్రిగూడ మండలంలోని మనిషికి అవగాహన కలిగి ఏం లాభం? చెప్పడానికి ఏమీ మిగలనప్పుడు పేరాను అక్కడే ఆపడం మేలు.

మీ పేరాలో లేనిది మరొకటి ఉన్నది, ఆధారం. ‘బిగ్ ప్రాబ్లమ్’ అన్నారు, ఎంత పెద్దదో చెప్పలేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. ఈ ఒక్క అంకె మీ రెండో వాక్యానికి వెన్నెముక అవుతుంది. మన జిల్లా పేరుతోనే ‘నల్గొండ టెక్నిక్’ అనే శుద్ధి పద్ధతి ఒకటి ఉన్నది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన ఆ పద్ధతిలో నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియబెడతారు, ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుగుకు దిగిన తరువాత పైనున్న నీటిని వేరు చేస్తారు. నల్గొండ విద్యార్థిని ఫ్లోరైడ్ మీద రాస్తూ దీనిని వదిలిపెట్టడం బాగుండదు. సాధారణమైన మాట చెప్పిన వెంటనే దాని కింద ఒక అంకెనో, ఒక ఊరినో, ఒక పద్ధతినో పెడితే పేరాకు ఒడ్డూ పొడవూ వస్తాయి.

పై మాటలన్నీ దృష్టిలో ఉంచుకుని మీ పేరానే ఒక తీరుగా తిరిగి రాశాను. ఎముకలు బిగుసుకుపోయిన మనుషులకు ఇంతకాలం ఏం జరిగింది, ఏం చేయవచ్చు అన్న ప్రశ్నకు మాత్రమే ఇది జవాబు చెబుతుంది.

“ఫర్ డికేడ్స్, మెనీ విలేజెస్ ఇన్ నల్గొండ డ్రాంక్ బోర్‌వెల్ వాటర్ దట్ కంటెయిన్డ్ టూ మచ్ ఫ్లోరైడ్. ది ఫ్లోరైడ్ కేమ్ ఫ్రమ్ ది గ్రానైట్ బిలో, విచ్ రిలీజెస్ ఇట్ స్లోలీ ఇంటు ది గ్రౌండ్ వాటర్. చిల్డ్రెన్ హూ డ్రాంక్ దిస్ వాటర్ గ్రూ అప్ విత్ బ్రౌన్ అండ్ పిటెడ్ టీత్; ఇన్ మెనీ అడల్ట్స్, ఆఫ్టర్ లాంగ్ ఇయర్స్, ది జాయింట్స్ స్టిఫెన్డ్ అండ్ ది స్పైన్ బెంట్. నో మెడిసిన్ కెన్ స్ట్రెయిటెన్ సచ్ ఎ స్పైన్. వాట్ కెన్ బి చేంజ్డ్ ఈజ్ ది వాటర్, అండ్ దట్ ఈజ్ వై ఎ పైప్‌లైన్ ఫ్రమ్ ది కృష్ణా మాటర్స్ సో మచ్ టు దీజ్ విలేజెస్.”

మీ తొమ్మిది వాక్యాలు ఇక్కడ ఐదయ్యాయి. మొదటి వాక్యం కాలంతో మొదలైంది. మూడో వాక్యం పిల్లలను ఒక వైపు, పెద్దలను మరొక వైపు నిలబెట్టి మధ్యలో సెమికోలన్ పెట్టింది. నాలుగోది ఏడు మాటల వాక్యం, పేరాలోని బరువంతా దాని మీదే ఉన్నది. ఒక వాక్యం నుంచి మరొక వాక్యానికి దారం ఎట్లా సాగిందో కూడా గమనించండి. మొదటి వాక్యం ‘ఫ్లోరైడ్’ తో ముగిసింది, రెండోది ‘ది ఫ్లోరైడ్’ తో మొదలైంది. రెండోది ‘గ్రౌండ్ వాటర్’ తో ముగిసింది, మూడోది ‘దిస్ వాటర్’ అని దానిని అందుకుంది. మూడో వాక్యం చివరి ‘స్పైన్’ నాలుగో దానిలో ‘సచ్ ఎ స్పైన్’ గా తిరిగి వచ్చింది. తెలిసిన విషయంతో మొదలై కొత్త విషయంతో ముగియడం ఇంగ్లీషు గద్యానికి సహజమైన నడక. ఈ నడక ఉన్నచోట ‘మోరోవర్’, ‘ఫర్దర్‌మోర్’, ‘హెన్స్’ వంటి మాటలతో పని ఉండదు. పై పేరాలో అవి ఒక్కటీ లేవు. మీ స్నేహితులు చెప్పిన జాబితాకు నా సమాధానం కూడా ఇదే. సంబంధం లేని రెండు వాక్యాల మధ్య ‘మోరోవర్’ పెట్టినంత మాత్రాన సంబంధం పుట్టదు. ‘హవెవర్’, ‘దేర్‌ఫోర్’, ‘ఫర్ ఎగ్జాంపుల్’ వంటివి ఒక పది మాటలను వాటి అర్థంతో, కామా ఎక్కడ పెట్టాలో దానితో సహా నేర్చుకుంటే చాలు.

ఈ నడక తెలిస్తేనే పాసివ్ వాయిస్ ఎందుకున్నదో కూడా తెలుస్తుంది. బడిలో దానిని కూడా మార్పిడి లెక్కగానే చేయించారు. ఉదాహరణకు భూదానోద్యమం మీద రాస్తున్నారనుకోండి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఎదుట భూమి లేని దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. మీ పేరా దాత గురించైతే “రామచంద్రారెడ్డి ఆఫర్డ్ 100 ఎకర్స్” అనాలి. ముందు వాక్యం భూమి గురించి మాట్లాడి ఉంటే “దే హాడ్ ఆస్క్‌డ్ ఫర్ 80 ఎకర్స్. ఎ హండ్రెడ్ వర్ ఆఫర్డ్, బై రామచంద్రారెడ్డి” అంటే దారం తెగదు, అడిగిన దానికంటే ఎక్కువ వచ్చిందన్న సంగతి కూడా ఎదురుగా నిలబడుతుంది. నల్గొండ టెక్నిక్ వంటి పద్ధతిని వివరించేటప్పుడు పటిక ఎవరు కలిపారన్నది ఎవరికీ అక్కర్లేదు కాబట్టి, అక్కడ “ఆలమ్ ఈజ్ ఆడెడ్” అనే పాసివ్ వాక్యమే సరైనది.

సాధనకు మీరు దూరం పోనవసరం లేదు. మీ దగ్గరి అంగడిలో బేరం ఎట్లా నడుస్తుందో, బత్తాయి తోట పెట్టిన రైతు ఎండాకాలం చెట్లను ఎట్లా బతికించుకుంటాడో తెలిసినవారిని అడిగి తెలుసుకుని, ముందు తెలుగులో చెప్పుకుని, తరువాత ఆరేడు వాక్యాల ఇంగ్లీషు పేరా రాయండి. మొదటి చిత్తు ప్రతిలో వాక్యాల వైవిధ్యం గురించి అసలు ఆలోచించవద్దు. మరునాడు దానిని తీసుకుని ప్రతి వాక్యంలోని మొదటి మూడు మాటల కింద గీత గీయండి. అన్నీ ‘ది’, ‘ఇట్ ఈజ్’, ‘దేర్ ఈజ్’ గా కనిపిస్తే ఏ రెండు వాక్యాలకు కారణ సంబంధం ఉన్నదో, ఏది దేనికి వివరమో గుర్తించి కలపండి. ఆ తరువాత బయటికి వినబడేటట్టు చదవండి, నాలుక తడబడిన చోట వాక్యం పొడవు ఎక్కువైందని అర్థం.

చదవడానికి అందరూ ఆంగ్ల దినపత్రికల సంపాదకీయాలనే చూపిస్తారు. నాకు ఆ సలహా మీద అంత నమ్మకం లేదు. సంపాదకీయంలో పదజాలం బరువుగా ఉంటుంది, చదివిన విద్యార్థి ఆ మాటలను ఎత్తుకుంటాడు తప్ప వాక్యం కట్టిన తీరును గమనించడు. దాని కంటే ఒక ఊరి మీద, ఒక పంట మీద, ఒక ఆట మీద వచ్చిన వార్తా కథనాన్ని తీసుకుని, అందులో ఒక్క పేరాను ముక్కలు ముక్కలుగా చిన్న వాక్యాల్లోకి విడగొట్టండి. వారం తరువాత మూలం చూడకుండా ఆ ముక్కలను మళ్లీ పేరాగా కలిపి, మీది మూలంతో పోల్చి చూసుకోండి. ఖర్చు లేని పని ఇది, గురువు పక్కన లేకపోయినా సాగుతుంది.

గ్రూప్-1 సంగతి వేరుగా చెప్పాలి. మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీష్ అర్హత పేపర్ మాత్రమే, పదో తరగతి స్థాయిలో ఉంటుంది, దాని మార్కులు ర్యాంకుకు కలవవు. మిగిలిన పేపర్లను తెలుగులోనూ రాయవచ్చు. కాబట్టి ఇంగ్లీషు పేరాలు బాగా రావడం లేదన్న దిగులుతో మాధ్యమాన్ని తొందరపడి ఎంచుకోవద్దు. అర్హత పేపర్‌లో ప్రెసీ రాత ఉంటుంది, దానికి పైన చెప్పిన కలిపే సాధన నేరుగా పనికొస్తుంది. ఎందుకంటే ఇచ్చిన భాగాన్ని మూడో వంతుకు కుదించాలంటే రెండు మూడు వాక్యాలను ఒకటిగా చేయక తప్పదు. వ్యాసాల పేపర్‌ను మీరు తెలుగులో రాసినా, ఒక్కో పేరాకు ఒక్కో ప్రశ్న ముందే రాసుకునే పద్ధతి అక్కడా అంతే పనిచేస్తుంది. మీరు తిరిగి రాసిన పేరాను ముందుగా మీ లెక్చరర్ గారికే చూపించండి. అంత శ్రద్ధగా ఒక లోపాన్ని గుర్తించి రాసి ఇచ్చిన వారు రెండోసారి దిద్దడానికి కాదనరు.